‘నాట్ వర్కింగ్’ అంటే ఏది పనిచేయట్లేదు?

"పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కిస్తే కొత్తదైపోతుంది" అని మన క్యాంపస్‌లో ఒక మాట చలామణీలో ఉంది. ఏటా ఫస్టియర్ వాళ్ళు రాగానే సీనియర్లు ఈ మాట చెప్తారు. కొత్తవాళ్ళు నమ్మి ఇంట్లో అటక మీదున్న మిషన్ దింపుతారు, నాలుగు రోజులు తంటాలు పడతారు, తిరిగి అటక ఎక్కించేస్తారు. ఇంకో మాట కూడా ఉంది. అది ఎక్కువగా నాన్నల నోట వింటాం: "సెకండ్‌హ్యాండ్‌లో పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరు."

ఈ రెండు మాటలూ నేను ఒప్పుకోను. పద్నాలుగు నెలలుగా లోపాలున్న ఒక సెకండ్‌హ్యాండ్ టాబ్లెట్ మీద లినక్స్ వాడుతున్నా. అది కొత్తదవ్వలేదు, అవ్వదు కూడా. కానీ పెట్టిన డబ్బు మాత్రం బూడిదలో పోలేదు. ఈ రెండింటికీ మధ్య ఒక చోటు ఉంది. మనలాంటి స్టూడెంట్లకి అదే అసలైన చోటు అని నా వాదన.

ముందే ఒక విషయం. ఇది ఆండ్రాయిడ్ టాబ్లెట్ కాదు. ఆండ్రాయిడ్ లోపలా లినక్స్ కెర్నలే ఉంటుంది కానీ, చాలా టాబ్లెట్లలో బూట్‌లోడర్‌కి తాళం వేసి ఉంటుంది కాబట్టి మనకి నచ్చింది ఎక్కించుకోవడం అంత తేలిక కాదు. నాది విండోస్‌తో వచ్చిన రకం. 10 అంగుళాల తెర, ఊడదీసి తగిలించుకునే కీబోర్డు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. ర్యామూ స్టోరేజీ రెండూ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయి, మార్చలేం. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ దగ్గర ఒక చిన్న షాపులో 3,200 రూపాయలకి కొన్నా. షాపాయన దాచలేదు. "తమ్మీ, దీనికి టచ్ పిచ్చిపిచ్చిగా చేస్తది, అప్పుడప్పుడు హ్యాంగ్ అయితది, చార్జింగ్ పిన్ లూజు. వారంటీ అడగొద్దు. ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించుకునే తీసుకున్నా. కొత్త ల్యాప్‌టాప్ అంటే ఇంట్లో అప్పు చెయ్యాలి, ఆ అప్పు వద్దనుకున్నా.

లోపాలన్నీ ఒకటి కావు

హార్డ్‌వేర్ లోపం అనగానే అంతా అయిపోయినట్టు మాట్లాడతాం. నిజానికి లోపాలు మూడు రకాలు. సాఫ్ట్‌వేర్‌తో పక్కనుంచి దాటిపోగలిగేవి కొన్ని, స్క్రూడ్రైవరూ సోల్డరింగ్ గన్నూ కావాల్సినవి కొన్ని, అసలు ముట్టుకోకూడనివి కొన్ని. ఏది ఏ రకమో తేల్చుకోవడమే సగం పని.

మొదటి రకానికి మంచి ఉదాహరణ నా టాబ్లెట్ ర్యామ్. లక్షణాలు వింతగా ఉండేవి. బ్రౌజర్‌లో ట్యాబ్ ఉన్నట్టుండి చచ్చిపోయేది. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ చెక్‌సమ్ ఒక్కోసారి కుదిరేది, ఒక్కోసారి కుదిరేది కాదు. ఇలాంటప్పుడు అందరం ఆపరేటింగ్ సిస్టమ్‌నే తిడతాం. నేను రాత్రంతా మెమ్‌టెస్ట్ 86 ప్లస్ నడిపించా. అదొక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి యూఈఎఫ్‌ఐ మిషన్లలో నేరుగా నడుస్తుంది. పొద్దున్నే చూస్తే ప్రతి పాస్‌లోనూ తప్పులు ఒకే చోట, కొన్ని వందల బైట్ల పరిధిలో. అంటే 4 జీబీ ర్యామ్‌లో చెడిపోయింది ఒక చిన్న మూల.

ఓఎస్ క్లాసులో పేజింగ్ చదువుకున్నాం కదా, పేజీ ఫ్రేములు, పేజీ టేబుల్ అని. పరీక్షకి బొమ్మ గీసి ఎనిమిది మార్కులు తెచ్చుకుని వదిలేశాం. ఆ పాఠం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. మెమరీని కెర్నల్ పేజీలుగా పంచుతుంది కాబట్టి, ఫలానా పేజీల జోలికి వెళ్ళొద్దని బూట్ అయ్యేటప్పుడే దానికి చెప్పొచ్చు. మెమ్‌మ్యాప్ అనే కెర్నల్ పారామీటర్‌తో ఆ చెడ్డ చోటు చుట్టూ 1 ఎంబీని పక్కన పెట్టించా. మొత్తం 4,096 ఎంబీలో ఒక్క ఎంబీ. దాంతో హ్యాంగ్‌లు ఆగిపోయాయి. ఎనిమిది గదుల ఇంట్లో ఒక గదిలో కప్పు కారుతోందని ఇల్లు అమ్ముకోం, ఆ గదికి తాళం వేస్తాం. ఇక్కడ పోయింది గది కూడా కాదు, గూడు.

ఇది లినక్స్‌కే సొంతమైన విద్య కాదని కూడా చెప్పాలి. విండోస్ బూట్ సెట్టింగుల్లోనూ చెడ్డ మెమరీ జాబితా ఇచ్చే ఏర్పాటు ఉంది. తేడా ఏంటంటే, లినక్స్‌లో ఇలాంటివి వెతుక్కునే అలవాటు మనకి వస్తుంది. ఎందుకొస్తుందో తర్వాత చెప్తా.

రెండోది టచ్. తెర ఎడమ అంచున ఎవరూ ముట్టుకోకపోయినా వేళ్ళు పడుతున్నట్టు నొక్కులు వస్తాయి. దీన్ని ఘోస్ట్ టచ్ అంటారు, మా రూమ్మేట్ భాషలో దయ్యం వేళ్ళు. నేను ఒక అసైన్‌మెంట్ టైప్ చేస్తుంటే దయ్యం వచ్చి విండో మూసేసి పోయేది. దీనికి మందు యూదేవ్ రూల్ అనే ఒక్క లైను: "ఈ పరికరాన్ని పట్టించుకోకు" అని ఇన్‌పుట్ లైబ్రరీకి చెప్పడం. టచ్ మొత్తం పోయింది, దయ్యమూ పోయింది. "టచ్ లేని టాబ్లెట్ ఏం టాబ్లెట్ రా?" అని మావాళ్ళు నవ్వారు. నవ్వనీ. నాకు కావాల్సింది కోడ్ రాసుకునే, పీడీఎఫ్ చదువుకునే మిషన్. కీబోర్డుంది, 200 రూపాయల మౌసుంది. గుడ్డికన్నా మెల్ల మేలు.

మూడోది నాకు భలే నచ్చిన లోపం. టాబ్లెట్‌ని నిలువుగా పట్టుకుంటే తెర అడ్డంగా తిరిగేది, అడ్డంగా పట్టుకుంటే నిలువుగా. లోపలున్న యాక్సెలరోమీటర్ చిప్పుని ఫ్యాక్టరీలో 90 డిగ్రీలు తిప్పి బిగించారు. అలా బిగించడం తప్పు కాదు, ఎటు తిప్పి బిగించారో సిస్టమ్‌కి తెలియాలి అంతే. సిస్టమ్‌డీలో సెన్సర్ల కోసం ఒక పట్టిక ఉంది. ఏ మోడల్‌లో చిప్పు ఎటు తిరిగి ఉందో దాంట్లో 3 బై 3 మాత్రికగా రాస్తారు. నా మోడల్ అందులో లేదు. నేనే రాసుకున్నా: మొదటి వరుస 0, -1, 0, రెండో వరుస 1, 0, 0, మూడో వరుస 0, 0, 1. ఎం-1లో రొటేషన్ మాత్రిక, దాని డిటర్మినెంట్ 1 అని బట్టీ కొట్టాం. ఆ మాత్రిక రాసి సేవ్ చేసి టాబ్లెట్ తిప్పితే తెర సరైన వైపుకి తిరిగింది. మూడేళ్ళ గణితంలో నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసే చోటు

ఇక రెండో రకం. పవర్ బటన్ లోపల జిగురు పట్టినట్టు అతుక్కుపోయేది. నొక్కకపోయినా నొక్కినట్టు సిగ్నల్ వెళ్ళి టాబ్లెట్ నిద్రలోకి పోయేది. లాగిన్‌డీ సెట్టింగుల్లో పవర్ బటన్‌ని పట్టించుకోవద్దని రాస్తే ఆ నిద్ర ఆగింది. కానీ బటన్ కొన్ని సెకన్లపాటు అలాగే నొక్కుకుని ఉంటే కరెంటు కోసేసే పని హార్డ్‌వేర్‌దే, అది ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మాటా వినదు. వినకూడదు కూడా, సిస్టమ్ బిగుసుకుపోయినప్పుడు మనకి మిగిలే ఆఖరి దారి అదే కదా. కాబట్టి బటన్‌ని బాగుచేయాల్సిందే.

దాన్ని కాలేజీ రోడ్డులో మొబైళ్ళు బాగుచేసే అన్న విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాడు. చార్జింగ్ పోర్టు కూడా తీసి మళ్ళీ సోల్డర్ చేశాడు. రెండింటికీ కలిపి 250 రూపాయలు. నేను రెండు వారాలు కమాండ్లు కొట్టి సాధించినదానికీ, ఆయన ఇరవై నిమిషాల్లో చేసినదానికీ మధ్య ఏది గొప్ప పని అని అడిగితే నేను ఆయన పేరే చెప్తాను. "లినక్స్ వేశా, బాగైపోయింది" అని చెప్పుకునేవాళ్ళ కథల్లో ఈ అన్నలు ఎక్కడా కనబడరు.

మూడో రకం: బ్యాటరీ. నా టాబ్లెట్ బ్యాటరీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి సామర్థ్యంలో 60 శాతం దగ్గరుంది. ఆ లెక్క సిస్టమే చెప్తుంది. వయసుకి అది మామూలే. కానీ బ్యాటరీ ఉబ్బితే మాత్రం కథ వేరు. తెర అంచులు లేచినట్టు కనబడినా, వెనక భాగం బల్ల మీద పెడితే సమంగా కూర్చోకపోయినా వెంటనే ఆపేయండి. చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. లిథియం బ్యాటరీ గుచ్చుకుంటే మంట వస్తుంది. హాస్టల్ గదిలో పరుపు మీద చార్జింగ్ పెట్టి పడుకునేవాళ్ళం మనం. ఇది సరదా వ్యవహారం కాదు. ఉబ్బిన బ్యాటరీతో ఉన్న మిషన్‌ని ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.

పట్టికలో పేరు రాసినవాళ్ళు

ఇప్పుడు ఆ అలవాటు సంగతి. లినక్స్ కెర్నల్ సోర్సులో క్విర్క్ అనే మాట పదేపదే కనిపిస్తుంది. ఫలానా పరికరం రూల్ ప్రకారం నడవట్లేదు, దానికి ఈ మినహాయింపు ఇవ్వండి అని రాసుకునే నోటు అన్నమాట. చవక టాబ్లెట్ల కోసం ఒక మొత్తం ఫైలే ఉంది, టచ్‌స్క్రీన్ డీఎంఐ అని. సైలీడ్ కంపెనీ టచ్ చిప్పులు వాడిన టాబ్లెట్లలో తెర కొలత ఎంత, ఏ అక్షం తిరగబడి ఉంది, ఏ ఫర్మ్‌వేర్ ఫైల్ కావాలి అన్న వివరాలు మోడల్ వారీగా అందులో ఉంటాయి. చాలా మోడళ్ళ పేర్లు మనం ఎప్పుడూ విని ఉండం. ఈ తరం టాబ్లెట్లు లినక్స్‌లో బాగా నడవడం వెనక రెడ్ హ్యాట్‌లో పనిచేసిన హాన్స్ డి గూడే అనే ఇంజనీర్ శ్రమ చాలా ఉంది. ఆయనతో పాటు, తమ చేతిలో ఉన్న ఒక్క టాబ్లెట్ కోసం నాలుగు లైన్లు రాసి పంపిన ఎందరో ఉన్నారు.

నాకు ఇది కేవలం టెక్నికల్ విషయంగా అనిపించదు. ఆ ఫైల్లో ఒక మోడల్ పేరు ఉందంటే, ఎక్కడో ఎవరో "ఇది చెత్త" అనకుండా "ఇందులో ఏది తేడాగా ఉంది?" అని అడిగి, కొలిచి, రాశారని అర్థం. వాళ్ళు రాసింది వాళ్ళ మిషన్‌కే కాదు, అదే మోడల్ ఉన్న అందరికీ పనికొస్తోంది. నా టాబ్లెట్ ప్రాసెసర్ 64 బిట్, ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్. అప్పట్లో వచ్చిన చవక టాబ్లెట్లలో ఈ విచిత్రం మామూలే. మామూలు లినక్స్ పెన్‌డ్రైవ్‌లు వాటిలో చాలాసార్లు బూట్ కావు. డెబియన్ వాళ్ళు 2015లో వచ్చిన 8వ వెర్షన్‌లోనే ఇన్‌స్టాలర్‌లో దీనికి దారి పెట్టారు. ఆ దారి వేసినవాళ్ళకి నేనెవరో తెలియదు. నేను అందులోంచి నడిచి వచ్చేశా.

అన్నీ కుదరవు అనడానికి కూడా అక్కడే ఆధారం ఉంది. నా టాబ్లెట్ కెమెరా పనిచేయదు. ఈ తరం చిప్పుల కెమెరా డ్రైవర్ 2017లో కెర్నల్‌లోని స్టేజింగ్ విభాగంలోకి వచ్చింది. స్టేజింగ్ అంటే ఇంకా పక్వానికి రాని కోడ్ ఉండే చోటు. 2018లో దాన్ని తీసేశారు, 2020లో మళ్ళీ తెచ్చారు. ఇదంతా బహిరంగంగానే ఉంటుంది. నా కెమెరా ఎందుకు పనిచేయట్లేదో నాకు తెలుసు. తెలిస్తే కెమెరా వస్తుందా అంటే రాదు. కానీ వారం రోజులు దాని వెంట తిరగకుండా ఒక్క సాయంత్రంలో వదిలేయగలిగా.

లినక్స్ నాకిచ్చింది ఇదే. బూట్ అయ్యేటప్పుడు పడే లాగ్‌లో ఏ పరికరం పలికింది, ఏది పలకలేదు అన్నీ ఉంటాయి. స్టోరేజీ చిప్పుని అడిగితే తన ఆయుష్షు ఎంత ఖర్చయిందో పది శాతాల మెట్లలో చెప్తుంది. నాది అయిదో మెట్టు, అంటే 40 నుంచి 50 శాతం మధ్య అరిగింది. దాంతో స్వాప్‌ని స్టోరేజీ మీద కాకుండా జీర్యామ్‌తో ర్యామ్‌లోనే కుదించి పెట్టుకున్నా, ఇంకా అరగకుండా. రోగం చెప్పుకోగలిగిన రోగికి వైద్యం సులువు. విండోస్‌లో ఈ వివరాలు అసలు దొరకవని కాదు, కానీ మనల్ని వెతకనిచ్చే వాతావరణం ఇక్కడ ఎక్కువ.

"నీ టైమ్‌కి విలువ లేదా?"

ఇది నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న, న్యాయమైన ప్రశ్న కూడా. లెక్క చెప్తా. టాబ్లెట్ 3,200, రిపేరు 250, చార్జింగ్ పెడుతూనే పెన్‌డ్రైవ్ తగిలించుకునే ఓటీజీ హబ్ 350, మౌస్ 200. మొత్తం 4,000. మొదటి రెండు వారాల్లో సుమారు 30 గంటలు పోయాయి. ఆ తర్వాత నెలకి ఒక గంట. ఆ 30 గంటల్లో నేను ఓఎస్ సబ్జెక్టులో సెమిస్టరంతా నేర్చుకోనిది నేర్చుకున్నా కాబట్టి నాకు గిట్టింది. అందరికీ గిట్టదు.

ఎవరికి గిట్టదో కూడా చెప్పాలి. సివిల్, మెకానికల్ వాళ్ళు వాడే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు విండోస్‌కే వస్తాయి, 4 జీబీ ర్యామ్‌లో అవి కదలవు. వచ్చే వారం పరీక్షలుంటే ఈ ప్రయోగం మొదలుపెట్టొద్దు. ఇంట్లో ఒకే మిషన్ ఉండి, దానిమీదే తమ్ముడో చెల్లో చదువుకుంటుంటే దానిమీద ప్రయోగాలు చెయ్యొద్దు.

ఇంకో ఇబ్బంది ఉంది, అది మన చేతిలో లేనిది. ఈ ఏడాది ప్లేస్‌మెంట్ల కోసం ఒక కంపెనీ పెట్టిన ఆన్‌లైన్ పరీక్షకి విండోస్ ఉండాలి, కెమెరా ఉండాలి, వాళ్ళ లాక్‌డౌన్ బ్రౌజర్ ఉండాలి అన్నారు. నా మిషన్‌లో మూడూ లేవు. రూమ్మేట్ తన ల్యాప్‌టాప్ ఇచ్చాడు కాబట్టి రాశా. కానీ అదే సమయానికి అతనికీ పరీక్ష ఉంటే? కొత్త ల్యాప్‌టాప్ కొనలేనివాడు కోడింగ్ వచ్చినా గేటు దగ్గరే ఆగిపోతాడు. ఇది లినక్స్ గొడవ కాదు, డబ్బు గొడవ. మన డిపార్ట్‌మెంట్ ల్యాబుల్లో ఓ పది మిషన్లు ఇలాంటి పరీక్షలకి తీసిపెట్టి, ముందుగా పేరు రాసుకున్నవాళ్ళకి ఇస్తే ఈ గొడవ తీరుతుంది. ఖర్చు లేని పని. ఒక రిజిస్టరూ, ఒక తాళం చెవీ కావాలి.

ఇప్పుడే ఎందుకు మాట్లాడుకోవాలి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 ఉండాలి, ప్రాసెసర్ వాళ్ళ జాబితాలో ఉండాలి. అంటే ఏ లోపమూ లేని మిషన్లు కూడా ఎన్నో జాబితాలో పేరు లేదన్న ఒక్క కారణంతో పాతవైపోతాయి. ఆఫీసుల నుంచీ కాలేజీల నుంచీ అవి సెకండ్‌హ్యాండ్ షాపులకి, అక్కడ్నుంచి తుక్కుకి చేరతాయి. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన ఈ-వేస్ట్ నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క దొరికింది 22.3 శాతానికే. మిగతాది ఎక్కడెక్కడ ఎవరి చేతులు కాలుస్తోందో, ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోందో మనం ఊహించుకోవచ్చు.

ఇలాంటి మిషన్ కొనడానికి వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. జేబులో లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్ పెట్టుకుని వెళ్ళండి. షాపాయన్ని "అన్నా, ఒకసారి దీంతో ఆన్ చేసి చూస్తా, లోపల ఏదీ చెరపను" అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే పక్క షాపుకి పోండి. ముందు వెనక భాగం సమంగా ఉందో చూడండి. ఫర్మ్‌వేర్ సెట్టింగులకి పాస్‌వర్డ్ ఉంటే తీసుకోవద్దు. బూట్ అయ్యాక లాగ్‌లో ఎర్ర లైన్లు చదవండి. డ్రాయింగ్ ప్రోగ్రాం తెరిచి వేలితో తెర మొత్తం గీతలు గీయండి, గీత ఎక్కడ తెగితే అక్కడ టచ్ పోయినట్టు. చార్జర్ పెట్టి పిన్ను కొంచెం కదపండి. వీలైతే మెమ్‌టెస్ట్ ఒక్క పాస్ నడవనిచ్చి ఈలోపు చాయ్ తాగి రండి. ఏ లోపం ఉందో మీకు తెలిస్తే ధర మాట్లాడేటప్పుడు మీ మాటకి బలం ఉంటుంది. బిల్లు రాయించుకోవడం మరచిపోవద్దు, దొంగ సొత్తు అయితే తలనొప్పి మనకే.

మన భాషకి ఇందులో ఏం పని?

తెలుగు సాహితీ క్లబ్ పత్రికలో ఈ గోల ఏంటని ఎడిటర్ అడగకముందే చెప్తున్నా. ఈ వ్యాసం ఆ టాబ్లెట్ మీదే టైప్ చేశా. డెబియన్‌లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు ఒక్క ప్యాకేజీతో వచ్చేస్తాయి. టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఆర్‌టీఎస్ పద్ధతీ ఉంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి ఏళ్ళ తరబడి పనిచేశారు. అంటే మిషన్ తెలుగు రాయడానికి సిద్ధంగానే ఉంది. లేనిది మిషన్ గురించి తెలుగులో రాసినది.

నా ర్యామ్ లోపానికి పరిష్కారం తెలుగులో వెతికితే నాకు దొరకలేదు. ఊళ్ళో డిప్లొమా చదివే మా బాబాయి కొడుక్కి ఇంగ్లిష్ మాన్యువల్ పంపిస్తే, రెండు పేజీలు చదివి "అన్నా, నువ్వే చెప్పరాదూ" అన్నాడు. ఫోన్లో పది నిమిషాలు తెలుగులో చెప్తే అర్థమైంది, వాడే చేసుకున్నాడు. వాడికి లేనిది తెలివి కాదు. కథలూ కవితలూ రాసుకునే మనం, నెలకి ఒక్క పేజీ ఇలాంటిది రాయలేమా? అచ్చ తెలుగు పదాలు పుట్టించక్కర్లేదు. ర్యామ్‌ని ర్యామ్ అనే రాద్దాం. వాక్యం తెలుగుదైతే చాలు.

ఆఖరుగా నా అసలు ఫిర్యాదు. మన బ్లాకులో కింది అంతస్తు స్టోర్ రూమ్‌లో కండెమ్ చేసిన కంప్యూటర్లు వరసగా పేర్చి ఉంటాయి. ప్రతిదాని మీదా తెల్ల స్టిక్కర్, దానిమీద రెండే మాటలు: ‘నాట్ వర్కింగ్’. ఏది పనిచేయట్లేదు? పవర్ సప్లయా? హార్డ్ డిస్కా? ర్యామ్‌లో ఒక మూలా? లేక విండోస్ 11 రాదనా? స్టిక్కర్ చెప్పదు. చెప్పదు కాబట్టి అన్నీ కలిపి తూకానికి పోతాయి. ఇంజనీర్లని తయారుచేసే చోట లోపానికి పేరు పెట్టకుండా పారేయడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. ఒక మిషన్‌లో డిస్కు బాగుండి పవర్ సప్లయి పోయి ఉంటుంది, పక్కదాంట్లో పవర్ సప్లయి బాగుండి డిస్కు పోయి ఉంటుంది. రెండూ కలిపితే ఒకటి నడుస్తుంది, కానీ రెండింటి మీదా ఒకే స్టిక్కర్.

అందుకే డిపార్ట్‌మెంట్‌నీ మన క్లబ్‌నీ కలిపి అడుగుతున్నా. తూకానికి వేసేముందు ఒక శనివారం మాకు ఇవ్వండి. పది మందిమి వస్తాం. ఒక్కో మిషన్‌నీ లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి, మెమ్‌టెస్ట్ నడిపి, ఏది పనిచేస్తోందో ఏది చేయట్లేదో తెలుగులో ఒక రిజిస్టర్‌లో రాస్తాం. డిస్కుల్లో ఉన్న పాత డేటా చెరిపేస్తాం. కలిపి బాగుచేయగలిగినవి చేసి, మిషన్ లేని జూనియర్లకి లోపాల జాబితాతో సహా ఇద్దాం. నిజంగా పనికిరానివి, ఉబ్బిన బ్యాటరీలు, పగిలిన తెరలు మాత్రం తుక్కు షాపుకి కాకుండా గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కి పంపండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనలు చెప్పేదీ అదే.

మీ గదుల్లో కూడా మంచం కింద ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని అమ్మేయొచ్చు, ఎవరికైనా ఇచ్చేయొచ్చు, మీ ఇష్టం. కానీ దానిమీద ఒక కాగితం అంటించి, పనిచేయనిది ఏదో రాయండి. దాని కింద పనిచేసేవి కూడా రాయండి. రెండో జాబితా ఎంత పొడుగవుతుందో చూడండి.